సర్వర్‌లో ఉన్న మాట వెతికితే ఎందుకు దొరకదు?

ఒంగోలు కోర్టు చుట్టుపక్కల వకీళ్ళ ఆఫీసుల్లో, నెల్లూరు ఆడిటర్ల గదుల్లో, చీమకుర్తి గ్రానైట్ యూనిట్ల బిల్లింగ్ సెక్షన్లలో కంప్యూటర్ల గురించి ఎక్కడ మాట మొదలైనా చివరికి ఒకే ఫిర్యాదు దగ్గరికి వస్తుంది. ఫైలు షేర్డ్ ఫోల్డర్‌లో ఉంది. తెరిచి చూస్తే అందులో ఆ సర్వే నంబరూ ఉంది, ఆ పార్టీ పేరూ ఉంది. పైన వెతికే పెట్టెలో అదే పేరు కొడితే మాత్రం పచ్చ గీత పాకి పాకి, చివరికి ఏమీ దొరకలేదని చేతులెత్తేస్తుంది. అదే ఫైలును సొంత కంప్యూటర్‌లోకి కాపీ చేసుకుని కాసేపాగి వెతికితే రెప్పపాటులో వస్తుంది. దాంతో సర్వర్ పాడైందని ఒకరు, కేబుల్ మార్చాలని ఇంకొకరు, కొత్త కంప్యూటర్ కొనాలని మరొకరు తీర్పు చెబుతారు. చాలాసార్లు ఈ మూడింటిలో ఒక్కటీ అవసరం ఉండదు.

ఈ చిక్కుముడిలో రెండు పోగులు కలిసిపోయి ఉన్నాయి. ఫైళ్ళను చదివే పని ఏ కంప్యూటర్ చేస్తోందన్నది మొదటిది. చదివిన కంప్యూటర్‌కు ఆ ఫైలులోని తెలుగు తెలుగుగా కనిపిస్తోందా అన్నది రెండోది. మొదటి పోగు లోకమంతటా ఉన్నదే, దాని మీద సలహాలకు కొదవ లేదు. రెండోది మన సొంత తలనొప్పి. నేను చూసినంతవరకు మన వైపు ఆఫీసుల్లో అసలు బాధ రెండోదానితోనే. ఖర్చు మాత్రం మొదటిదాని మీద పెడతారు.

ఇండెక్స్ ఎవరి దగ్గరుంది?

ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చెప్పే ఈసీ కోసం దరఖాస్తు పెడితే సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో దశాబ్దాల దస్తావేజులను ఎవరూ మొదటి పేజీ నుంచి చదువుతూ కూర్చోరు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 55వ సెక్షన్ ఆ అవసరం లేకుండా చేసింది. ఒకటో నంబరు ఇండెక్స్‌లో రాసిచ్చినవారి, రాయించుకున్నవారి పేర్లుంటాయి. రెండో నంబరు ఇండెక్స్‌లో ఆస్తి వివరాలుంటాయి. దస్తావేజు రిజిస్టరైనప్పుడే ఇవన్నీ ఎక్కించి ఉంచుతారు కనుక, తర్వాత ఎప్పుడు ఎవరు అడిగినా ఇండెక్స్ చూసి చెప్పేయవచ్చు. కంప్యూటర్‌లో వెతుకులాటదీ ఇదే పద్ధతి. ఫైలు చేరగానే తెరిచి, అందులోని పదాలను విడదీసి, ఏ పదం ఏయే ఫైళ్ళలో ఉందో ఒక పట్టికలో రాసి పెట్టుకుంటుంది. మనం పేరు కొట్టినప్పుడు ఫైళ్ళ జోలికే పోదు, పట్టిక చూసి జవాబిస్తుంది.

విస్టా కాలం నుంచి ఈ పట్టిక తయారుచేసే పని విండోస్‌లో భాగంగానే జరుగుతోంది. అయితే అది ఆ కంప్యూటర్ సొంత డిస్కుకే పరిమితం. మనం జడ్ డ్రైవ్ అనో, సర్వర్ డ్రైవ్ అనో పిలుచుకునేది నిజానికి వేరే కంప్యూటర్‌లో ఉన్న ఫోల్డర్. ఇండెక్సింగ్ ఆప్షన్లు తెరిచి ఎంత గాలించినా దాన్ని నేరుగా చేర్చే వీలు కనిపించదు. చేర్చకపోవడానికి కారణం లేకపోలేదు. పది కంప్యూటర్లున్న ఆఫీసులో పదీ ఒకే ఫోల్డర్‌ను మొదటి నుంచి చివరిదాకా చదవడం మొదలుపెడితే సర్వర్ ఇక వేరే పని చేయలేదు.

మరి నెట్‌వర్క్ ఫోల్డర్‌లో పేరు కొట్టినప్పుడు ఏం జరుగుతుంది? ఆ ఫోల్డర్ ఉన్నది విండోస్ యంత్రమై, అక్కడ సెర్చ్ సర్వీసు నడుస్తూ, ఆ ఫోల్డర్ దాని ఇండెక్స్‌లో చేరి ఉంటే, మన కంప్యూటర్ ఆ యంత్రాన్ని అడిగి జవాబు తెచ్చుకుంటుంది. క్షణాల్లో పని అయిపోతుంది. అలా లేకపోతే మన కంప్యూటరే స్వయంగా నెట్‌వర్క్ గుండా ఒక్కో ఫోల్డర్‌లోకి దిగి వెతుకుతుంది. పచ్చ గీత పాకేది అప్పుడే. ఇక్కడ ఇంకో మెలిక ఉంది. ఇండెక్స్ లేని చోట విండోస్ మామూలుగా ఫైలు పేర్లు మాత్రమే చూస్తుంది, లోపలి పాఠం తెరవదు. ఫోల్డర్ ఆప్షన్లలో సెర్చ్ అనే భాగంలో, పేర్లతో పాటు లోపలి విషయం కూడా వెతకమనే గడిలో టిక్కు పెడితేనే తెరుస్తుంది. దానికి చాలా నిమిషాలు పట్టవచ్చని పక్కనే రాసి ఉంటుంది. ఆ హెచ్చరిక మర్యాదగా రాసిందే, అసలు సంగతి ఇంకా ఘోరం.

ఎంత ఘోరమో లెక్క వేసి చూద్దాం. ఒక వకీలు గారి ఆఫీసులో ఫోల్డర్ మొత్తం 100 జీబీ ఉందనుకుందాం. పాత స్విచ్ మీద సెకనుకు 100 మెగాబిట్ల నెట్‌వర్క్ అయితే సెకనుకు 12 మెగాబైట్లకు మించి రాదు. అంతా ఒకసారి చదవడానికి రెండు గంటల పైమాట. గిగాబిట్ స్విచ్ అయితే అదే పని పావుగంట చిల్లరలో కావాలి. కానీ కాదు. ఫైళ్ళు పెద్దవైతే ఈ లెక్క సరిపోతుంది, చిన్నచిన్న ఫైళ్ళు లక్ష ఉంటే లెక్క మారుతుంది. ఒక ఫైలు తెరవడానికి సర్వర్‌కు ఒక కబురు, వివరాలకు ఒకటి, చదవడానికి ఒకటో రెండో, మూయడానికి ఒకటి వెళ్ళాలి. ఫైలుకు 5 కబుర్లు, ఒక్కోదానికి వైఫై మీద 2 మిల్లీసెకన్లు అనుకుంటే, లక్ష ఫైళ్ళకు వెయ్యి సెకన్లు ఉత్త ఎదురుచూపులకే పోతాయి. చీమకుర్తి క్వారీ ఆఫీసు నుంచి ఒంగోలులోని సర్వర్‌ను ఇంటర్నెట్ మీదుగా వీపీఎన్‌తో చేరుకునేవారికి ఒక్కో కబురుకు 30 మిల్లీసెకన్లు పట్టిందనుకోండి, ఆ ఎదురుచూపే నాలుగు గంటలు దాటుతుంది. కేబుల్ మార్చినా, కొత్త కంప్యూటర్ కొన్నా ఈ నాలుగు గంటలు తగ్గవు. పైగా తెరిచిన ప్రతి ఫైలునూ యాంటీవైరస్ మరోసారి చూసి వదులుతుంది.

కాబట్టి ఈ పోగుకు విరుగుడు ఒక్కటే: చదివే పనిని ఫైళ్ళు ఉన్న యంత్రానికే అప్పగించాలి. చిన్న ఆఫీసుల్లో సర్వర్ అని పిలిచేది చాలావరకు మూలన పెట్టిన మామూలు విండోస్ కంప్యూటరే. ఆ కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి, దాని ఇండెక్సింగ్ ఆప్షన్లలో షేర్ చేసిన ఫోల్డర్‌ను చేర్చి, ఒక రాత్రంతా ఆన్‌లో ఉంచితే సగం కథ కంచికి చేరుతుంది. అసలైన విండోస్ సర్వర్ అయితే సెర్చ్ సర్వీసు దానంతట అది నడుస్తూ ఉంటుందని నమ్మకూడదు, ఉందో లేదో చూసి మనమే ప్రారంభించాలి. ఇక సినాలజీ, క్యూనాప్ వంటి నాస్ పెట్టెలు, అంటే నెట్‌వర్క్‌లో ఫైళ్ళు దాచడానికే అమ్మే పరికరాలు, లినక్స్ మీద నడుస్తాయి. వాటిని విండోస్ వెతికే పెట్టె నుంచి అడిగితే సాధారణంగా ఇండెక్స్ జవాబు రాదు, మళ్ళీ పచ్చ గీతే. కానీ వాటికి సొంత వెతుకులాట ఉంది. సినాలజీలో యూనివర్సల్ సెర్చ్, క్యూనాప్‌లో క్యూసర్చ్. బ్రౌజర్‌లో ఆ పేజీ తెరిచి వెతకడం అలవాటు చేసుకోవాలి. పెట్టె కొన్నవారికి ఈ సంగతి అమ్మినవారు చెప్పి ఉండరు.

‘ఎప్పుడూ ఆఫ్‌లైన్‌లో అందుబాటులో ఉంచు’ అనే మార్గాన్ని కొందరు సూచిస్తారు. పనిచేస్తుంది, ఎందుకంటే ఫైళ్ళన్నీ మన డిస్కు మీదికి కాపీ అవుతాయి, కాపీ అయినవి ఇండెక్స్‌లోకి ఎక్కుతాయి. విండోస్ హోమ్ ఎడిషన్‌లో ఈ సౌకర్యం లేదు. ఉన్నచోట కూడా 100 జీబీని ఆరు లాప్‌టాప్‌ల్లోకి దించడం, ఇద్దరు ఒకే ఫైలు మార్చినప్పుడు ఎవరిది నిలవాలో తేల్చుకోవడం మామూలు తంటా కాదు. ఒక్కరికి, ఒక్క కేసు ఫోల్డర్‌కు అయితే సరే. లింకు ఫోల్డర్ సృష్టించి విండోస్‌ను ఏమార్చే చిట్కా కూడా ప్రచారంలో ఉంది. ఫోల్డర్ లైబ్రరీలో చేరినట్టే కనిపిస్తుంది, లోపలి పాఠం మాత్రం ఇండెక్స్‌లోకి రాదు.

ఇవి కాక డాక్‌ఫెచర్, రికోల్ వంటి సాధనాలున్నాయి. వీటికి సొంత ఇండెక్స్ ఉంటుంది, ఏ ఫోల్డర్‌ను చదవాలో మనం చెప్పవచ్చు. వీటినీ ఫైళ్ళున్న యంత్రం మీదే నడపాలన్నది నా పట్టుదల. వేరే కంప్యూటర్ మీద నడిపితే ఫైలు మారిన సంగతి నెట్‌వర్క్ దాటి నమ్మకంగా చేరదు, రోజూ రాత్రి మళ్ళీ గాలించేలా వేళ పెట్టాల్సి ఉంటుంది. సాయంత్రం మెయిన్ స్విచ్ ఆపి, తాళం వేసి వెళ్ళే ఆఫీసుల్లో ఆ రాత్రి పని ఎప్పటికీ జరగదు. ఇండెక్స్ నెలల తరబడి పాతదిగానే ఉండిపోతుంది, నిన్న చేర్చిన ఫైలు రాలేదని సాధనాన్ని తిడతారు.

చదివిన యంత్రానికి ఏం కనిపించింది?

ఇక రెండో పోగు. పైన చెప్పినవన్నీ సవ్యంగా చేసినా, ఇంగ్లీషు మాటలు టకటకా దొరుకుతూ తెలుగు మాటలు మాత్రం దొరకని ఆఫీసులు మన జిల్లాల్లో ఎన్నో. దానికి మొదటి ముద్దాయి పాత ఫాంట్లు.

విండోస్‌తో తెలుగు నేరుగా రావడం 2001లో ఎక్స్‌పీతో, గౌతమి ఫాంటుతో మొదలైంది. అంతకు ముందే డీటీపీ సెంటర్లు వెలిశాయి, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పెళ్ళి కార్డుల నుంచి వాద పత్రాల దాకా అన్నీ కొట్టేవారు. అప్పటి పరిస్థితిలో అది తెలివైన ఉపాయమే. ఇంగ్లీషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన గళ్ళలో తెలుగు అక్షరాల బొమ్మలు పెట్టారు. తెర మీద, కాగితం మీద చక్కటి తెలుగు. ఫైలులో మాత్రం ఉన్నవి ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ. ప్రపంచ భాషల అక్షరాలన్నిటికీ విడివిడి గళ్ళు కేటాయించే ప్రమాణం యూనికోడ్. దాని మొదటి కూర్పు 1991లోనే తెలుగుకు సొంత గళ్ళు ఇచ్చింది, కానీ చేతి అలవాటు, ప్రెస్సుల అవసరం పాత పద్ధతిని చాలా కాలం నిలబెట్టాయి. ఇప్పటికీ అలాగే టైపు చేసే డాక్యుమెంట్ రైటర్లున్నారు. వారి వేగం చూస్తే మానేయమని చెప్పడానికి నోరు రాదు.

ఆ ఫైలులో ‘కందుకూరు’ అని యూనికోడ్‌లో వెతికితే దొరికే ప్రశ్నే లేదు, ఎందుకంటే ఫైలులో కందుకూరు లేదు. అనుమానం ఉంటే పరీక్ష సులువు. ఆ వాక్యాన్ని ఎంచుకుని ఫాంటును గౌతమికో, ఏరియల్‌కో మార్చండి. తెలుగు తెలుగుగా నిలిస్తే యూనికోడ్. ఇంగ్లీషు అక్షరాల చెత్తగా మారితే పాత ఫాంటు. అలాంటి ఫైళ్ళకు రెండు దారులున్నాయి. ఒకటి, అను నుంచి యూనికోడ్‌లోకి మార్చే సాధనంతో మార్చి, మార్చిన ప్రతిని అసలు పక్కనే దాచడం. మార్పిడిలో ఒత్తులు అక్కడక్కడ తప్పుతాయి కనుక అసలును పారేయకూడదు. రెండోది మొరటు దారి. వెతకాల్సిన పేరును అదే అను కీబోర్డుతో వెతికే పెట్టెలో కొట్టడం. కనిపించేది చెత్తే, కానీ ఫైలులో ఉన్నదీ అదే చెత్త. ఇండెక్స్ సాధనాలు గుర్తుల దగ్గర పదాన్ని విరిచేస్తాయి కనుక ఈ దారి వాటితో సరిగా నడవదు, ఫైలును నేరుగా చదివే సాధనాలతోనే నడుస్తుంది. పేజ్‌మేకర్ ఫైళ్ళకైతే ఈ మాత్రం కూడా లేదు. వాటి లోపలి పాఠాన్ని చదివే ఫిల్టర్ విండోస్‌తో పాటు రాదు, ఇండెక్స్‌లో చేరేది ఫైలు పేరొక్కటే.

ఫిల్టర్ అన్న మాట వచ్చింది కనుక ఒక ఫైలును విప్పి చూద్దాం. 2007 నుంచి వర్డ్ దాచే డాక్‌ఎక్స్ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. పేరు చివర జిప్ అని మార్చి తెరిస్తే లోపల ఫోల్డర్లు కనిపిస్తాయి, వర్డ్ అనే ఫోల్డర్‌లో డాక్యుమెంట్ అనే పేరుతో అసలు పాఠం ఉంటుంది. మూట కట్టి ఉన్నప్పుడు బయటి నుంచి ఎంత గాలించినా లోపలి పదం కనిపించదు. విప్పినా కథ ముగియదు. ఒకే పదం మధ్యలో దిద్దుబాటు జరిగితే వర్డ్ దాన్ని రెండు ముక్కలుగా దాచవచ్చు. ‘ఒంగో’ ఒక చోట, ‘లు’ ఒక చోట, మధ్యలో బారెడు గుర్తులు. ఈ ముక్కలను అతికి పదంగా ఇండెక్స్‌కు అందించేదే ఫిల్టర్. ప్రతి రకం ఫైలుకూ ఒక ఫిల్టర్ కావాలి. వర్డ్, ఎక్సెల్ ఫైళ్ళకు ఉంటుంది, పీడీఎఫ్‌కు విండోస్ 8 నుంచి వస్తోంది. పాస్‌వర్డ్ పెట్టిన ఫైలును ఏ ఫిల్టరూ తెరవలేదు.

పీడీఎఫ్ మాట వేరే చెప్పుకోవాలి. యూనికోడ్‌లో కొట్టిన తెలుగును పీడీఎఫ్‌గా మార్చినా వెతుకులాట తప్పిపోతుంది, చాలామందిని ఆశ్చర్యపరిచేది ఇదే. పీడీఎఫ్ దాచేది అక్షరాలను కాదు, అక్షరాల ఆకారాలను. ఏ ఆకారం ఏ అక్షరమో చెప్పే పట్టిక పక్కన ఉండాలి. ఇంగ్లీషులో ఒక ఆకారానికి ఒక అక్షరం కనుక పట్టిక తేలిక. తెలుగులో ‘స్త్రీ’ అనే ఒక్క ఆకృతి వెనుక హల్లులూ, రెండు పొల్లులూ, గుణింతమూ దాగి ఉంటాయి. తయారుచేసిన సాధనం పట్టికను సరిగా రాయకపోతే చదివేటప్పుడు ఒత్తులు రాలిపోతాయి, వరస తారుమారవుతుంది. చూడటానికి నిక్షేపంగా ఉన్న పీడీఎఫ్‌లోంచి ఒక వరస కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించి చూడండి. అక్కడ ఏం కనిపిస్తే ఇండెక్స్‌కు కనిపించేదీ అదే. అందుకే పీడీఎఫ్ పంపినా, దాని అసలు వర్డ్ ఫైలును సర్వర్‌లో ఉంచుకోవాలి.

స్కాన్ చేసిన కాగితాలు సరే సరి. లింకు డాక్యుమెంట్లు, పాత పట్టాలు, ఈసీలు స్కాన్ చేసి పీడీఎఫ్‌గా పెడతారు. యంత్రానికి అవి ఫొటోలు. వాటి నుంచి పాఠం రాబట్టడానికి ఓసీఆర్ కావాలి. హెచ్‌పీ సంస్థలో 1980ల్లో పుట్టి 2005లో అందరికీ ఉచితంగా విడుదలైన టెసరాక్ట్ అనే సాధనం తెలుగు చదువుతుంది. దాన్ని వాడుకుని స్కాన్ చేసిన పీడీఎఫ్ అడుగున కనిపించని పాఠాన్ని చేర్చే ఓసీఆర్‌మైపీడీఎఫ్ అనే సాధనమూ ఉంది. స్కానర్‌ను 300 డీపీఐ దగ్గర పెట్టి, నిటారుగా స్కాన్ చేసిన అచ్చు కాగితాలకు ఫలితం పరవాలేదు. ప, వ, మ దగ్గర తికమకపడుతుంది, ఒత్తులు మింగేస్తుంది, రబ్బరు స్టాంపు పడిన చోట ఏదేదో చదువుతుంది. పాత స్టాంపు కాగితాల మీది చేతిరాత దీనికి కొరుకుడు పడదు, ఆశ పెట్టుకోవద్దు. ఇంత లోపం ఉన్నా నేను చేయించమనే అంటాను. పది పేజీల దస్తావేజులో పార్టీ పేరు నాలుగైదు చోట్ల వస్తుంది, ఒక్క చోట సరిగా చదివినా ఫైలు చిక్కుతుంది.

కనిపించని గుర్తులు, మారే చివరలు

అంతా యూనికోడే అయినా మిగిలే తంటాలు కొన్ని ఉన్నాయి. ‘రిజిస్ట్రార్‌కు’ అని రాసినప్పుడు ర్ పొల్లుగా నిలవడానికి, క కింద చేరకుండా ఆపడానికి మధ్యలో కనిపించని గుర్తు ఒకటి పడుతుంది. కొన్ని కీబోర్డులు తామే పెడతాయి, కొన్నిటితో మనం పెట్టాలి, కొందరు పెట్టకుండా వదిలేస్తారు. అక్షరాలను ఉన్నవి ఉన్నట్టు పోల్చే సాధనానికి గుర్తున్న మాట, గుర్తు లేని మాట వేరువేరు. ‘మైనరు’లోని ఐత్వాన్ని కూడా ఒకే గుర్తుగా రాయవచ్చు, ఎత్వమూ దాని కింద వచ్చే గుర్తూ విడివిడిగానూ రాయవచ్చు. యూనికోడ్ ప్రకారం రెండూ సమానమే, తెర మీద తేడా ఉండదు. వెతికే ముందు రెండింటినీ ఒక రూపానికి తెచ్చుకునే సాధనానికి ఇబ్బంది లేదు, తెచ్చుకోని దానికి ఒకటి దొరికి ఒకటి దొరకదు.

వీటికన్నా ప్రతిరోజూ తగిలేది విభక్తుల సంగతి. ఇండెక్స్ సాధనాలు చాలావరకు పదం మొదటి భాగం కలిస్తే చాలునంటాయి, లేదా చివర నక్షత్రం గుర్తు పెడితే ఒప్పుకుంటాయి. ‘భూమి’ అని కొడితే భూమిని, భూమికి, భూమిలో అన్నీ వస్తాయి. భూములు రావు. ‘భూమ’ అని గుడి లేకుండా కొట్టి చూడండి, భూమి, భూములు రెండూ వస్తాయి, ఎందుకంటే ఫైలులో మ తర్వాతే గుడి, కొమ్ము విడి గుర్తులుగా ఉంటాయి. అలాగే ‘పొల’ అంటే పొలం, పొలాలు, పొలాన్ని దొరుకుతాయి. చివరి గుణింతాన్ని కత్తిరించి వెతకడం తెలుగుకు పనికొచ్చే ఉపాయం, ఇంగ్లీషు వాడేవారి సలహాల్లో ఇది ఉండదు. ఇల్లు, ఇంటి వంటి వాటికి ఇదీ పనిచేయదు, రెండుసార్లు వెతకాల్సిందే.

హద్దుల వివరాల్లో ‘ఊరచెరువు’, ‘పంటకాలువ’ అని కలిపి రాస్తారు. ‘చెరువు’ అని వెతికితే ఇండెక్స్‌కు ఊరచెరువు తట్టదు, అది ఊతో మొదలయ్యే పదం కనుక. ఫైలును అక్షరం వెంట అక్షరం చదివే నెమ్మది సాధనం మాత్రం పట్టేస్తుంది. ఇండెక్స్ ఉంటే చాలు, నెమ్మది పద్ధతి దండగ అనే మాట ఇంగ్లీషు ఫైళ్ళకు నిజం కావచ్చు, తెలుగు ఫైళ్ళ దగ్గర నేను ఒప్పుకోను. ఒక్క కేసు ఫోల్డర్‌లో, సర్వర్ మీదే కూర్చుని వెతికేటప్పుడు నెమ్మది పద్ధతే మేలు. సర్వే నంబర్లతోనూ ఇదే గొడవ. 214/2ఎ అని కొడితే చాలా సాధనాలు ఏటవాలు గీత దగ్గర విరిచి 214ను వేరే, 2ఎను వేరే చూస్తాయి, 214 ఉన్న ప్రతి కాగితమూ వచ్చి పడుతుంది. కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతికితే కొంత నయం.

ఇక పేర్లు. ఇంగ్లీషు అక్షరాల్లో చీమకుర్తిని ఒకరు ఐతో, ఒకరు రెండు ఈలతో, చివర ఒకరు వైతో, ఒకరు ఐతో రాస్తారు. ఒకే ఆఫీసులో ఒకే గుమాస్తా రెండు రకాలుగా రాసిన ఫోల్డర్లు చూశాను. దీన్ని మించినది కందుకూరు. 1970 వరకు నెల్లూరు జిల్లాలో ఉండి, ఆ ఏడాది ఫిబ్రవరిలో ఏర్పడిన ఒంగోలు జిల్లాలోకి వెళ్ళింది. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. నెల్లూరుకు 2008లో పొట్టి శ్రీరాములు పేరు ముందు చేరింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల పునర్విభజనలో కందుకూరు మళ్ళీ నెల్లూరు వైపు వచ్చింది. అంటే ఒకే పొలానికి సంబంధించిన లింకు డాక్యుమెంట్లలో ఒకదానిలో నెల్లూరు జిల్లా, ఒకదానిలో ఒంగోలు జిల్లా, తర్వాత ప్రకాశం, ఆపైన ఒకదానిలో శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా. జిల్లా పేరు పెట్టి వడపోస్తే సగం కాగితాలు జారిపోతాయి. గ్రామం, సర్వే నంబరు పెట్టుకుని జిల్లాను వదిలేయడమే మంచిది.

ఫైలు పేరులో గ్రామం, సర్వే నంబరు, పార్టీ ఇంటిపేరు, సంవత్సరం ఒకే వరసలో, ఒకే స్పెల్లింగుతో పెడితే లోపలి పాఠం చదవలేని స్కానులు, పేజ్‌మేకర్ ఫైళ్ళు కూడా దొరుకుతాయి. ముఖ్యంగా పేర్లు వెతికే ఎవ్రీథింగ్ అనే ఉచిత సాధనానికి నెట్‌వర్క్ ఫోల్డర్‌ను కూడా చేర్చి, ఎంతసేపటికొకసారి తిరిగి చూడాలో చెప్పవచ్చు. పైసా ఖర్చు లేని పని. ఆఫీసులో అందరినీ ఒప్పించడం మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ చేయలేదు.

అందరికీ అన్నీ కనిపించకూడదు కదా

విండోస్ సర్వర్ తన ఇండెక్స్ నుంచి జవాబిచ్చేటప్పుడు అడిగినవారికి ఆ ఫైలు చూసే హక్కు ఉందో లేదో చూసుకుని ఇస్తుంది. బయటి సాధనాలతో ఈ భరోసా ఉండదు. యజమాని లాగిన్‌తో డాక్‌ఫెచర్ నడిపి, తయారైన ఇండెక్స్‌ను అందరూ వాడుకునేలా షేర్డ్ ఫోల్డర్‌లో పెట్టారనుకోండి. జీతాల ఫైలు తెరిచే హక్కు లేని కుర్రాడు కూడా వెతికే పెట్టెలో పేరు కొట్టి అది ఆ ఫైలులో ఉందో లేదో తెలుసుకోగలడు, ఎందుకంటే ఇండెక్స్‌లో ఆ ఫైలులోని పదాలున్నాయి. ఆధార్ ప్రతులు, బ్యాంకు పత్రాలు, ఖాతాదారుల పాన్ వివరాలు కట్టలు కట్టలుగా ఉండే ఆడిటర్ల ఆఫీసుల్లో ఇది చిన్న విషయం కాదు. హక్కులు వేరైన ఫోల్డర్లకు ఇండెక్స్‌లూ వేరుగా ఉండాలి, ఇండెక్స్ దాచిన చోటుకు కూడా ఫైళ్ళకున్నంత కాపలా ఉండాలి.

ఇన్ని కారణాల్లో మన ఆఫీసుకు ఏది వర్తిస్తుందో ఊహించనక్కరలేదు. ఎక్కడా వాడని పేరొకటి ఎంచుకుని, సర్వర్‌లో ఒక పరీక్ష ఫోల్డర్ పెట్టి, ఆ పేరును అయిదు ఫైళ్ళలో రాయండి: యూనికోడ్‌లో వర్డ్ ఫైలు, దానితోనే చేసిన పీడీఎఫ్, దాన్ని ప్రింటు తీసి చేసిన స్కాన్, అను ఫాంటుతో ఒకటి, ఇంగ్లీషు అక్షరాల్లో ఒకటి. ఫైళ్ళ పేర్లలో మాత్రం ఆ మాట రానీయకండి. సర్వర్‌ను ఆ రాత్రి ఆపకుండా ఉంచి, మర్నాడు సర్వర్ మీద ఒకసారి, వేరే కంప్యూటర్ నుంచి ఒకసారి, ఆ పేరును తెలుగులోనూ ఇంగ్లీషు అక్షరాల్లోనూ కొట్టి వెతకండి. సర్వర్ మీద దొరికి బయటి నుంచి దొరక్కపోతే తంటా మొదటి పోగుది. ఇంగ్లీషుది ఒక్కటే దొరికితే సర్వర్‌ను వదిలేసి ఫాంట్ల వైపు చూడండి. వర్డ్ దొరికి పీడీఎఫ్ దొరక్కపోతే నోట్‌ప్యాడ్ పరీక్ష చేయండి. అయిదూ దొరక్కపోతే ఇండెక్స్ అసలు మొదలే కాలేదు, సర్వీసు నడుస్తోందో లేదో చూడండి. స్కాన్ కూడా దొరికిందంటే మీ పెట్టెలో ఎవరో ముందే ఓసీఆర్ పెట్టి వెళ్ళారు, దాని తెలుగు ఎంత బాగుందో నాలుగు పాత దస్తావేజుల మీద చూసుకోండి.